శుక్రవారం బోర్డులవాళ్లు వస్తారు

గోడలకు చెవులుంటాయంటారు.
ముప్పై ఏళ్లుగా గోడల్లో తీగలు లాగుతున్నాను,
ఒక్క గోడా విన్న దాఖలా లేదు.
ముఖ్యంగా ఈ కూహ్మోలో,
చలికి జడిసి కట్టిన గోడలు.
లోపల ఊలు, ఊలు మీద వెండి రేకు,
కిటికీలకు మూడు పొరల అద్దం,
అద్దానికి కంటికి ఆనని లోహపు పూత.
వేడి బయటికి పోదు.
మాటా పోదు.

శుక్రవారం బోర్డులవాళ్లు వస్తారు.
ఇవాళ మంగళవారం.
ఇల్లింకా ఎముకల గూడు.
పడగ్గదిలో నిలబడితే వంటిల్లు,
వంటింట్లోంచి సరస్సు,
దాని అంచున అప్పుడే పాలమీగడంత మంచుపొర.
దాచుకోవాల్సిందేదైనా ఉంటే
ఈ మూడ్రోజుల్లోనే గోడకి అప్పగించాలి.

ఊర్హో ప్లాను కాగితాన్ని రంపపు బల్ల మీద పరిచాడు.
కాఫీ కప్పు మరక
మేడ మెట్ల మీద గుండ్రంగా కూర్చుంది.
"రౌటరు ఇందులో" అన్నాడు,
చెప్పులు విడిచే చోట ఇనప పెట్టె చూపించి.
"మూత వేస్తే కనబడదు."

కనబడదు, నిజమే.
కుండలో దీపం పెట్టి
ఇల్లంతా చీకటేమిటని అడిగినట్టు.
నేను అలా అనలేదు.
పైగా ఇంటి నడుమ
మూడు టన్నుల సబ్బురాతి పొయ్యి.
రాత్రంతా వెచ్చదనం ఇస్తుంది, బంగారం లాంటిది,
కానీ తన వెనక్కి దేన్నీ రానివ్వదు.
"పెట్టెలోకి ఫైబరు రానీ.
అక్కణ్ణుంచి తీగలు బయల్దేరతాయి.
నడవ కప్పుకి ఒకటి, మేడ మీదికి ఒకటి,
నీ బల్లకి ఒకటి, మీ ఆవిడ బల్లకి"

భుజం మీద ఎవరో తట్టారు.
రైలి. పుట్టినప్పటి నుంచీ ఆమెకు వినబడదు.
ఆమె చేతులు ముందు నడిచాయి,
ఊర్హో గొంతు వెనకాల:
"తనకి బల్ల వద్దట.
అక్కతో మాట్లాడేది వంటింట్లో, నిలబడి,
చేతులకి పిండి ఉండగానే."

"వీడియో ఆగితే మీకు గొంతు గరగరమంటుంది,
ఏంటీ, ఏంటీ అంటారు.
నాకైతే హెల్వి చెయ్యి గాల్లో నిలిచిపోతుంది.
వస్తానంటోందో రానంటోందో
ఆ చెయ్యి దిగేదాకా తెలీదు."

పోయిన చలికాలం, అద్దింట్లో,
అలా నిలిచిన చెయ్యి ఎదురుగా
రై రొట్టె బొగ్గయ్యేదాకా నిలబడిందట.

ప్రతి ఇంట్లోనూ అడుగుతారు,
ఎంత వేగంగా వస్తుందని.
ఆమె అడిగింది,
ఎంత వేగంగా పోతుందని.
పోయేదీ వచ్చేదీ ఒక్కలా ఉండే కనెక్షన్ పేరు
కాగితం మీద రాసిచ్చాను.
కొమ్మలు మంచు బరువుకి విరిగి కరెంటు పోయే రాత్రికి
ఇనప పెట్టెలో బ్యాటరీ ఒకటి.
పాపం పెట్టెకీ ఏదో పని ఉండాలిగా.
పొయ్యికి అటువైపు, వంటింటి కప్పుకి
ఇంకో తీగ.

అయిపోయిందనుకుని మీటరు జేబులో పెట్టుకున్నాను.
ఆమె ఇంకా నేల మీది సుద్దగీతల దగ్గరే ఉంది,
రేపు గట్టు రాబోయే చోట,
కిటికీకి వీపు పెట్టి.
చేతులెత్తి చూపించింది.
చేతులు కాదు, రెండు నల్లటి ఆకులు.
సిగ్నల్ సంగతి సరే,
వెలుతురు సంగతేమిటి?

నన్నెవరూ అడగని ప్రశ్న.
ఇక్కడ డిసెంబరులో
మధ్యాహ్నం రెండున్నరకే సూర్యుడు దుకాణం కట్టేస్తాడు.
గట్టుని ఎదురు గోడకి జరిపాం,
దీపాన్ని ఆమె వెనక నుంచి ముందుకి తెచ్చాం,
నా తీగ నాలుగు మీటర్లు పెరిగింది.
ఊర్హో లెక్క అడిగాడు.
తీగ చవకే, గోడ పగలగొట్టడమే ఖరీదన్నాను.

చివర్న ఒక ఖాళీ గొట్టం కూడా వేశాను,
లోపల లాగుడు తాడొక్కటే ఉంచి.
"దేనికిది?"
"తెలీదు. అందుకే."

అతను కారు దగ్గరికి వెళ్లినప్పుడు
రైలి నా వైపు తిరిగి ఏదో అంది,
చేతులతో, గబగబా, నవ్వుతూ.
తర్జుమా లేదు.
ఒక్క గీతా లేని ఫోనులా
టేపు పట్టుకుని నిలబడిపోయాను.

ఆమె మళ్లీ చెప్పింది,
మెల్లగా.